పొరుగింటి ఓటు: బార్కస్‌లో కొన్ని లెక్కలు, కొన్ని పనులు

ఎన్నికలు దగ్గరికొస్తే పట్నంలో ఒక ప్రచారం మొదలవుతుంది. సినిమా నటులు, ఆటగాళ్లు, అధికారులు టీవీల్లో కనిపించి ఓటు పవిత్రమైన బాధ్యత అని చెబుతారు. పోలింగ్ అయిన మర్నాడు ఇంకో ప్రచారం మొదలవుతుంది. పాతబస్తీ పోలింగ్ శాతం చూపించి ఇక్కడి జనానికి బాధ్యత తెలియదని తీర్పు చెబుతారు. ఈ రెండు ప్రచారాల మధ్య జరగాల్సిన అసలు పని ఒకటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. పక్కింటామె పేరు జాబితాలో ఉందా? ఆమె బూత్ ఎక్కడ? ఆ రోజు పనికి పోకపోతే ఆమె కూలి ఎవరిస్తారు? ఈ మూడు ప్రశ్నలు అడగకుండా 'ఓటెయ్యమ్మా' అనడం ఉత్త నీతిబోధే అవుతుంది.

బార్కస్‌ను, దాని చుట్టుపక్కల బస్తీలను ఉదాహరణగా తీసుకుని ఈ పని గురించి మాట్లాడుకుందాం. ఏ పార్టీకి ఓటెయ్యాలన్నది ఈ వ్యాసం విషయం కాదు. ఓటు మన చేతికి రావడమెట్లా, వచ్చింది జారిపోకుండా చూసుకోవడమెట్లా అన్నదే విషయం.

శాతం ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

మొదట లెక్కలు చూద్దాం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ మొత్తం మీద 65 శాతం పైచిలుకు పోలింగ్ జరిగితే హైదరాబాద్ స్థానంలో 48 శాతం పైచిలుకే జరిగింది. 2019లో అయితే ఇదే స్థానంలో 45 శాతం కూడా నిండలేదు. 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో నగరమంతా కలిపి 46.55 శాతం. అంతకుముందు 2016లో 45.29, 2009లో 42.04.

అంటే పాతబస్తీ వాళ్లే ఓటు వేయరన్న మాట అబద్ధమని ఈ లెక్కలే చెబుతున్నాయి. కార్లున్న కాలనీలు, పెద్ద ఉద్యోగుల క్వార్టర్లు ఉన్న సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో కూడా 2024లో 49 శాతం దగ్గరే ఆగింది. రెండింటికీ తేడా ఒక్క శాతం కూడా లేదు. మరి తిట్లు ఒక్కరికే ఎందుకు? చదువుకున్నోడు ఓటెయ్యకపోతే 'విరక్తి' అంటారు, పేదోడు వెయ్యకపోతే 'అజ్ఞానం' అంటారు. భాషలోనే కులం, వర్గం ఉన్నాయి.

శాతం దాచిపెట్టే సంగతి ఇంకొకటుంది. జాబితాలో ఉన్న పేర్లతో పోలైన ఓట్లను భాగించి శాతం తీస్తారు. ఆ జాబితా ఎంత సరిగ్గా ఉంది? నగరంలో కిరాయి ఇండ్ల బతుకు మనకు తెలిసిందే. ఒక ఇల్లు ఖాళీ చేసి రెండు గల్లీల అవతలికి పోయినా పాత పేరు పాత బూత్‌లోనే ఉండిపోతుంది. పెండ్లయి అత్తగారింటికి పోయిన ఆడపిల్ల పేరు, గల్ఫ్ పోయిన కొడుకు పేరు, చనిపోయిన ముసలాయన పేరు అట్లానే ఉంటాయి. ఇట్లాంటి పేర్లున్నంత కాలం శాతం తక్కువే కనబడుతుంది. మరోపక్క అదే ఇంట్లో బతికున్న మనిషి పేరు మాత్రం మాయమవుతుంది. 2018 డిసెంబరు 7న తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు ఓటరు కార్డు చేతిలో పట్టుకుని వచ్చి పేరు లేదని వెనక్కి పోయిన వాళ్లు ఎందరో. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. క్షమాపణతో పోయిన ఓటు తిరిగి రాదు.

కాబట్టి ఓటెయ్యని మనిషి అనగానే ఒక్క రకం మనిషిని ఊహించుకోవద్దు. వేయనోడు వేరు, వేయలేనోడు వేరు, వేయనివ్వనోడు వేరు. మన పని ఎక్కువగా రెండో, మూడో రకం వాళ్ల దగ్గర ఉంది.

పేరు కాగితం మీద పడడం

పేరు లెక్కలో పడడం చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే చరిత్ర చూడాలి. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు, మళ్లీ 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేద్కర్ అంటరాని కులాల తరఫున ఓటు హక్కు గురించి వాదించారు. అప్పట్లో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే ఓటు. ఈ మూడూ లేకుండా చేసిన జనానికి ఓటు కూడా లేదు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఉండాలని 1928లోనే ఆయన అడిగారు. చివరికది రాజ్యాంగంలో 326వ అధికరణంగా వచ్చింది. మతం, జాతి, కులం, లింగం పేరుతో ఎవరినీ జాబితా నుంచి తప్పించకూడదని దానికి ముందున్న 325వ అధికరణం చెబుతుంది. జాబితా అన్నది గుమాస్తా రాసుకునే ఉత్త కాగితం కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇక మన నగరానికి వద్దాం. భాగ్యరెడ్డి వర్మ నిజాం రాజ్యంలో బడులు పెట్టి, సభలు పెట్టి, మనం ఆది హిందువులమని చాటారు. 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులుగా నమోదు చేయాలని అడిగి సాధించారు. ఎవరో పెట్టిన పేరుతో కాకుండా తామే ఎంచుకున్న పేరుతో లెక్కలో పడడం ఆనాటి పోరాటం. 1939లో ఆయన చనిపోయేనాటికి ఈ రాజ్యంలో సార్వత్రిక ఓటు లేదు. ఆయన కట్టిన పునాది మీద నిలబడ్డ జనం 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో గానీ వయసు ఒక్కటే అర్హతగా ఓటెయ్యలేదు.

బార్కస్ కథ వేరు. కానీ ఇక్కడికొచ్చి కలుస్తుంది. బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో నాని బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన అరబ్బులు, మనం చావుష్‌లని పిలిచేవాళ్లు, ఇక్కడ స్థిరపడ్డారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఆ కొలువులు పోయాయి. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లను కూడా 'మీరెక్కడోళ్లు?' అని అడిగారు. కొందరిని నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. మిగిలినవాళ్లు ఇక్కడి పౌరులుగా నిలబడ్డారు.

నిజాం కొలువు చేసిన సిపాయి బతుకూ, వెట్టి చేసిన మాదిగ బతుకూ ఒకటి కాదు. ఒకటని ఎవరన్నా చెబితే నమ్మనక్కర్లేదు. అయితే 1951-52లో ఇద్దరి చేతికీ వచ్చిన ఓటు ఒక్కటే, దాని విలువ ఒక్కటే. పాతబస్తీ అంటే ఒకే మతం, ఒకే మాట అనుకునేవాళ్లు మరిచిపోయేదిదే. బార్కస్, చాంద్రాయణగుట్ట, ఉప్పుగూడ, ఫలక్‌నుమా చుట్టూ అరబ్బు వంశస్థులూ, పేద ముస్లింలూ, మాల మాదిగలూ, చేతిపని కులాలూ ఉన్నారు. వీధులు వేరైనా క్యూ ఒక్కటే.

ఆ మొదటి ఎన్నికల్లోనే ఇంకో పాఠం ఉంది. దేశంలో దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లుంటే అందులో సుమారు 28 లక్షల మంది తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని మాత్రమే రాయించారు. ఉత్తరాది రాష్ట్రాల్లోనే ఇది ఎక్కువ. ఆ పేర్లన్నీ జాబితా నుంచి కొట్టేశారు. సొంత పేరు లేని మనిషికి సొంత ఓటు లేకుండా పోయింది. ఇప్పుడు మన బస్తీల్లో ఆడవాళ్లకు పేర్లున్నాయి. కానీ ఉర్దూలో పలికిన పేరు తెలుగులో ఒక తీరుగా, ఇంగ్లీషులో ఇంకో తీరుగా ఎక్కుతుంది. ఆధార్‌లో ఒకటి, జాబితాలో ఒకటి. ఆ ఒక్క అక్షరం తేడా దగ్గరే బూత్‌లో నిలదీస్తారు.

'ఓట్ డాల్‌కే క్యా ఫాయిదా?'

ఇంటింటికీ తిరిగేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. 'ఏసినా ఏయకున్నా గెలిచేటోడు గెలుస్తనే ఉంటడు' అని తెలుగులో అంటారు. 'ఓట్ డాల్‌కే క్యా ఫాయిదా?' అని ఉర్దూలో అంటారు. ఈ మాటను కొట్టిపారేయకూడదు. ఏళ్ల తరబడి నల్లా నీళ్లు, మోరీలు, బడి సంగతి అడిగి అడిగి అలసిపోయిన మనిషి మాట అది. దానికి నీతిబోధ జవాబు కాదు. లెక్కలు చూపాలి.

ఒక లెక్క ఈ నియోజకవర్గానిదే. బార్కస్ ఉన్న చాంద్రాయణగుట్ట అసెంబ్లీ స్థానంలో 1994లో మజ్లిస్ బచావో తహ్రీక్ తరఫున అమానుల్లా ఖాన్ గెలిచారు. 1999లో మజ్లిస్ అభ్యర్థి అక్బరుద్దీన్ ఒవైసీ చేతిలో ఓడిపోయారు. ఎవరు మంచి, ఎవరు చెడు అన్నది పక్కన పెడదాం. ఇక్కడ ఫలితం ఎన్నడూ మారదన్న మాట నిజం కాదు. మార్చింది ఇక్కడి ఓటర్లే. రెండుసార్లూ.

ఇంకో లెక్క పొరుగున ఉన్న యాకుత్‌పురాది. 2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ 40 శాతం కూడా ఓట్లు పడలేదు. గెలుపు తేడా 878 ఓట్లు. జాబితాలో ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురు బూత్‌కు పోని చోట ఒక్క గల్లీ జనం కదిలితే సరిపోయే తేడా అది. గెలిచిన వాళ్లకైనా, ఓడిన వాళ్లకైనా ఆ సంఖ్య నిద్ర పట్టనిచ్చేది కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది బూత్ లెక్క. ఎన్నికల తర్వాత ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20 అనే పట్టికలో బయటపెడతారు. మనిషి ఓటు రహస్యమే, బస్తీ ఓటు మాత్రం రహస్యం కాదు. బ్యాలెట్ కాగితాల కాలంలో అవసరమైన చోట అన్ని బూత్‌ల కాగితాలూ కలిపి లెక్కించే నిబంధన ఉండేది. యంత్రాలొచ్చాక ఆ అడ్డు పోయింది. చాలా యంత్రాల ఓట్లను కలిపి ఒకేసారి లెక్కించే 'టోటలైజర్' పెట్టాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో కూడా అదే చెప్పింది. అమలు కాలేదు.

దీనివల్ల భయమూ ఉంది, బలమూ ఉంది. మాకు వెయ్యలేదని కక్ష గట్టే అవకాశం భయం. దాని మీద మన సంఘాలు గట్టిగా అడగాల్సిందే. కానీ ఆ పట్టిక తిరగేసే నాయకుడికి మొదట కనబడేది ఎవరికి వేశారన్నది కాదు, ఎంతమంది వేశారన్నది. వెయ్యి పేర్లలో మూడు వందల మందే వచ్చిన బూత్‌ను ఏ పార్టీ వాడూ లెక్కలోకి తీసుకోడు. గెలిచినవాడు పట్టించుకోడు, ఓడినవాడు రాడు. ఏడు వందల మంది వచ్చిన బూత్ దగ్గరికి ఇద్దరూ వస్తారు. చిన్న బస్తీలో మన సంఖ్య ఎమ్మెల్యేను గెలిపించకపోవచ్చు. మోరీ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మన మాటకు బరువొస్తుంది. ఓటు ఫాయిదా ఏమిటంటే ముందుగా చెప్పాల్సిన జవాబు ఇదే.

రాజ్యాధికారం గురించి మాట్లాడుకునే మనం 1994ను కూడా గుర్తుంచుకోవాలి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తర్వాత దళిత ఉద్యమం ఊరూరా లేచింది. ఆ ఊపులో 1994 అసెంబ్లీ ఎన్నికలకు వెళ్లిన బహుజన సమాజ్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. కారణాలు అనేకం. ఒక పాఠం మాత్రం అందరికీ పనికొస్తుంది. సభకొచ్చే జనం వేరు, జాబితాలో పేరుండి బూత్ దాకా నడిచే జనం వేరు. మొదటి జనాన్ని రెండో జనంగా మార్చే పని ఉపన్యాసంతో కాదు, ఇంటింటి తిరుగుడుతోనే అవుతుంది.

ఎన్నికల ముందు చేయాల్సిన పని

ఈ పని పోలింగ్‌కు రెండు రోజుల ముందు మొదలుపెడితే ఏం లాభం లేదు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో కొత్త పేరు ఎక్కదు. దరఖాస్తు విచారణకు సమయం పడుతుంది కాబట్టి ఇంకా ముందే ఇవ్వాలి. కార్పొరేషన్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం జరిపినా అసెంబ్లీ జాబితానే ఆధారం చేసుకుంటుంది. అందుకని అక్కడ పేరు లేకుంటే ఇక్కడా ఉండదు. డివిజన్ల హద్దులు మారినప్పుడల్లా బూత్ కూడా మారొచ్చు. పోయినసారి వేసిన బడిలోనే ఈసారీ వేస్తామని అనుకోవద్దు.

ఒక్కరు పది ఇండ్లు పట్టుకుంటే చాలు. ఒక నోటుబుక్కు తీసుకుని ఇంటింటా 18 ఏళ్లు నిండినవాళ్ల పేర్లు రాసుకోవాలి. బూత్ జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరు సరిచూడాలి. పేరే లేకుంటే ఫారం 6. తప్పుంటే, ఇల్లు మారి ఉంటే ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి ఫారం 7. ఇంతకుముందు ఏడాదికి జనవరి 1 ఒక్కటే లెక్క తేదీ. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ లెక్కే. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. సందేహాలకు 1950 నంబరుంది, బూత్ స్థాయి అధికారి ఉన్నారు. ఆ అధికారి సాధారణంగా మన ప్రాంతంలోనే పనిచేసే టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో అయి ఉంటారు. వెతికి పట్టుకోవాలి.

కిరాయి ఇండ్ల వాళ్లకు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఓటుకు సొంతిల్లు అక్కర్లేదు. మామూలుగా ఎక్కడ ఉంటున్నామన్నదే చట్టం చూస్తుంది. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి కూడా నమోదు కావచ్చు. ఆ మనిషి రాత్రి అక్కడే ఉంటున్నాడా లేదా అని అధికారి వచ్చి చూసుకోవాలి. బార్కస్‌లో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని గల్లీ తక్కువ. భారత పాస్‌పోర్టు ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకోనివాళ్లు ఫారం 6ఎ ఇచ్చి పాస్‌పోర్టులో ఉన్న చిరునామాలో ఓటరుగా నమోదు కావచ్చు. అయితే ఓటు మాత్రం ఇక్కడికొచ్చే వేయాలి.

పేరు ఉందని ఒకసారి చూసి నిశ్చింతగా ఉండకూడదు. 2025లో బీహార్‌లో జాబితాల ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు కనబడకుండా పోయాయి. తీసేసిన పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశిస్తే గానీ ఎవరి పేరు ఎందుకు పోయిందో జనానికి తెలియలేదు. సెప్టెంబరులో ఆధార్‌ను కూడా గుర్తింపు కాగితంగా తీసుకోవాలని అదే కోర్టు చెప్పింది. ఇలాంటి సవరణ ఎక్కడ జరిగినా మొదట దెబ్బ తగిలేది వలస కూలికీ, కాగితాలు లేని ముసలివాళ్లకూ, ఇల్లు మారే పేదలకూ. ఇల్లు మారావన్న కారణంతో పేరు తీసే ముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. నోటీసు వస్తే భయపడి ఇంట్లో కూర్చోకుండా నలుగురు కలిసి పోవాలి.

పోలింగ్ రోజు

కూలికి పోయే మనిషికి ఓటంటే ఒక రోజు కూలి. 'సెలవిచ్చిండ్రు గదా' అని అనడం ఉద్యోగస్తుల మాట. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం వ్యాపారం, పరిశ్రమ, ఇతర సంస్థల్లో పనిచేసే ఓటరుకు పోలింగ్ రోజు సెలవివ్వాలి, జీతం కోయకూడదు. రోజు కూలీకి కూడా ఇది వర్తిస్తుంది. ఉల్లంఘించిన యజమానికి వేసే జరిమానా మాత్రం 500 రూపాయల దాకానే. ఎంత ఖాతరు చేస్తారో ఆ అంకెను బట్టే తెలుస్తుంది. ఇండ్లల్లో పాచిపనికి పోయే ఆడవాళ్లకైతే ఈ సెక్షన్ అక్కరకొచ్చేది కష్టం. వాళ్ల కోసం చేయగలిగింది ఒక్కటే. బూత్ తెరిచే ఏడు గంటలకే కలిసి పోయి ఓటేసి, తర్వాత పనికి పోవడం. చిన్న పిల్లలను ఒక ఇంట్లో ఉంచి వంతులవారీగా పోవడం. సాయంత్రం సమయం అయిపోయేలోగా క్యూలో నిలబడితే ఎంత పొద్దుపోయినా ఓటు వేయనివ్వాల్సిందే.

ఓటరు కార్డు లేదని వెనక్కి రావద్దు. జాబితాలో పేరుంటే ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి ఎన్నికల సంఘం చెప్పిన ఏ కాగితమైనా చాలు. పార్టీవాళ్లు పంచే చిట్టీ గుర్తింపు కాగితం కాదు. మీ ఓటు ఇంకెవరో వేసేశారని చెబితే అరిచి ఇంటికి రావడం కాదు, టెండర్ ఓటు అడగాలి. ఆ ఓటును మామూలు లెక్కింపులో కలపరు. కానీ దొంగ ఓటు పడిందని కాగితం మీద సాక్ష్యం మిగులుతుంది, కేసు నడిస్తే కోర్టు ముందుకు వస్తుంది.

దళిత బస్తీల్లో అందరికీ తెలియాల్సిన సెక్షన్ ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ మనిషిని ఓటెయ్యొద్దని గానీ, ఫలానా వాడికే వెయ్యమని గానీ బెదిరించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 1989 చట్టంలోనే ఇది ఉంది. 2015 సవరణ తర్వాత 3(1)(ఎల్) కింద వస్తుంది. బెదిరించినవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే ఇంటి ఓనరైనా, మేస్త్రీ అయినా, కాంట్రాక్టరైనా ఇది వర్తిస్తుంది.

డబ్బు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడాలి. ఓటుకు పైసలు ఇచ్చినవాడిదే కాదు, తీసుకున్నవాడిదీ చట్టం దృష్టిలో నేరమే. అభ్యర్థి పెట్టిన ఆటో ఎక్కించుకుని ఓటర్లను తోలడం కూడా అవినీతి పద్ధతే. 'పైసలు తీసుకున్నం, ఇగ మాట తప్పద్దు' అని నిజాయితీగా అనుకునే ముసలమ్మలున్నారు. ఓటు రహస్యమని, ఏ మీట నొక్కిందో ఎవరికీ తెలియదని వాళ్లకు చెప్పాలి. అట్లాగే మనం చేసే పనికీ ఒక హద్దుంది. పొరుగువాళ్లను ఓటుకు రమ్మని పిలవొచ్చు. పోలింగ్ రోజు బూత్‌కు వంద మీటర్ల లోపల ఫలానా వాళ్లకు వెయ్యమని చెప్పడం మాత్రం నేరం.

ఎవరు అడగాలి?

ఇది ఎవరి పని? ఎన్నికలప్పుడు మాత్రమే కనిపించే కార్యకర్త అడిగితే 'వీనికేదో లాభం ఉంది' అనుకుంటారు. అది నిజం కూడా. పక్కింటి మనిషి, పిల్లల టీచరు, కాలేజీకి పోయే మన బస్తీ పిల్ల అడిగితే వేరు. చదువుకున్న దళిత, ముస్లిం పిల్లలు తమ చదువును మొదట ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే, అమ్మానాన్నల పేర్లు జాబితాలో వెతకడం దగ్గర. మాల వాడలో పిల్ల చావుష్‌ల గల్లీకి ఫారాలు తీసుకుపోవాలి, ఆ గల్లీ పిల్లాడు ఇటు రావాలి. పోలీసు, మోరీ, రేషన్ దగ్గర ఇద్దరి కష్టం ఒక్కటే అయినప్పుడు జాబితా దగ్గర విడివిడిగా ఎందుకు నిలబడాలి?

ఓటు ఒక్కటే అన్నీ మారుస్తుందని ఎవరూ చెప్పలేరు. రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ హెచ్చరించింది కూడా అదే. రాజకీయాల్లో అందరం సమానం, బతుకులో అసమానం, ఈ వైరుధ్యం ఎక్కువ కాలం నిలవదని ఆయన అన్నారు. అయితే మనకు సమానంగా దొరికిన ఆ ఒక్క దాన్ని కూడా పేరు లేదని, కూలి పోతుందని, ఫాయిదా లేదని వదులుకుంటే మిగతా సమానత్వం ఏ బలంతో అడుగుతాం?

కాబట్టి రానున్న ఎన్నిక కార్పొరేషన్‌దైనా, అసెంబ్లీదైనా, తేదీ ప్రకటించే దాకా ఆగొద్దు. ఈ వారమే మీ బూత్ జాబితా తెచ్చుకోండి. పది ఇండ్లు ఎంచుకోండి. అందులో సగమన్నా మీ కులం కాని ఇండ్లు ఉండేటట్టు చూసుకోండి.